సులై క్యాంపుకి పిడికెడు బియ్యం

మొన్న విభూది బుధవారం వెళ్ళిన వారంలోనే, మనవరాలు టిఫిన్ డబ్బా ఇంట్లో మర్చిపోతే ఇచ్చి రావడానికి వాళ్ళ కాన్వెంటుకి వెళ్ళాను. మఠకన్యలు నడిపే ఆడపిల్లల బడి, ఒకప్పుడు నేనూ మా అక్కా చదువుకున్నదే. ప్రార్థన హాలు వరండాలో శుభ్రంగా కడిగిన పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి పెట్టారు. పిల్లలు వరసగా వచ్చి జేబుల్లోంచి, రుమాళ్ళలోంచి, ఒకమ్మాయైతే జామెట్రీ బాక్సులోంచి, పిడికెడు బియ్యం తీసి అందులో పోసి పోతున్నారు. నలభై రోజుల తపస్సు కాలమంతా ఇదే తంతు. ఈస్టరు ముందు ఆ బియ్యాన్ని లేనివాళ్ళ ఇళ్ళకి మోసుకెళ్ళి ఇచ్చి, వాళ్ళ అరుగుమీద కాసేపు కూర్చుని, కష్టసుఖాలు అడిగి, వాళ్ళకోసం ప్రార్థన చేసి రావాలి. మా రోజుల్లో దీన్ని సేవ పీరియడు అనేవాళ్ళం. ఇప్పుడు దానికి సామాజిక న్యాయం అని అర్థమొచ్చేలా ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరు పెట్టారు. పేరు పెరిగింది గానీ పిడికిలి అదే. నేను డ్రమ్ములోకి తొంగి తొంగి చూస్తుంటే పక్కనున్న సిస్టరుగారు నవ్వి, ఏం చూస్తున్నారమ్మా అన్నారు. బియ్యమంతా ఒక్కటే రకం ఉంది సిస్టర్, అదే చూస్తున్నాను అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూశారు. రియాద్‌లో మేము పోగుచేసిన బియ్యం సంగతి పాపం ఆవిడకేం తెలుసు.

మా అక్క అంటే పెద్దమ్మ కూతురు. కాన్వెంటులో చదివి, ఆ కాన్వెంటులోనే లెక్కలు చెప్పి, బావతో రియాద్ వెళ్ళి అక్కడి ఇండియన్ స్కూలు ఆడపిల్లల విభాగంలోనూ లెక్కలే చెప్పింది. మనిషి రియాద్ వెళ్ళింది గానీ ఆమెలోని కాన్వెంటు ఎక్కడికీ వెళ్ళలేదు. భోజనానికి పిలిస్తే చెప్పిన టైముకి పది నిమిషాల ముందొచ్చి మెట్లమీద నిలబడేది. మా ఆయన సోఫాలో కాలుమీద కాలేసుకుని కూర్చుంటే ఆయనవంక చూసేది కాదు, ఆ కాలువంక చూసేది. ఆయనే దించేసేవారు. మేమూ అదే ఊళ్ళో, వాళ్ళకి రెండు వీధుల అవతల ఫ్లాటులో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక కంపెనీలో అకౌంట్లు చూసేవారు. ఆ దేశంలో మన గుళ్ళూ చర్చిలూ ఉండవు. ఎవరి దేవుడు వాళ్ళ ఇంట్లో, వంటింటి బీరువాలోనో పడగ్గది గూట్లోనో సర్దుకుని ఉంటాడు. అక్క జపమాల నైటీ జేబులో ఉండేది. గుడ్ ఫ్రైడేకి సిలువ మార్గం కూడా హాల్లో సోఫా చుట్టూ తిరిగి చేసుకునేవాళ్ళం, గొంతు పెంచకుండా. ఆగి ప్రార్థించాల్సిన పద్నాలుగు స్థలాలకి చోటు చాలక ఫ్రిజ్జు దగ్గర రెండు స్థలాలు పడేవి.

ఒక ఏడాది తపస్సు కాలం రాబోతుండగా అక్కకి ఒక ఆలోచన వచ్చింది. అక్కకి ఆలోచన వచ్చిందంటే మా ఇంట్లో అందరికీ పని వచ్చినట్టే. రియాద్ శివారు సులైలో, గోడౌన్ల వెనక, బావకి తెలిసిన ఒక మెయింటెనెన్స్ కంపెనీ లేబర్ క్యాంపు ఉంది. అక్కడున్నవాళ్ళు ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాదు వైపువాళ్ళు. ఆ రోజుల్లో నితాఖత్ అని ఒక లెక్క నడిచేది. కంపెనీలో సౌదీవాళ్ళు ఎంతమంది పని చేస్తున్నారో చూసి దానికి ఒక రంగు వేసేవాళ్ళు. ఎరుపులో పడిందంటే ఇక ఆ కంపెనీ మనుషుల ఇకామాలు, ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, రెన్యూ కావు. ఇకామా లేని మనిషి రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు. ఈ కంపెనీ ఎరుపులో పడింది, పనులు ఆగిపోయాయి, మెస్సు మూసేశారు, కఫీల్, అంటే వాళ్ళని తెప్పించుకున్న యజమాని, ఫోను ఎత్తడం మానేశాడు. పోనీ ఇంటికి పోదామంటే, దేశం దాటడానికి ఎగ్జిట్ వీసా కొట్టాల్సింది కూడా ఆ కఫీలే. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ ఏడాదే పనివాళ్ళ తలకింతని కంపెనీల మీద లెవీ వేశారు. ఆ బాకీ తీర్చందే ఇకామా లేదు, ఇకామా లేందే ఎగ్జిట్ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మావాళ్ళు అంటుంటే కథల్లో మాట అనుకునేదాన్ని.

అక్క తన క్లాసు పిల్లల్లో పదిహేను ఇరవై మందిని పోగేసింది. బడిలో కాదు, అలాంటివి బడిలో కుదరవు. శుక్రవారం మధ్యాహ్నాలు తన ఇంట్లో. తపస్సు కాలం అనే మాట కూడా వాళ్ళ దగ్గర ఎత్తలేదు. రోజూ మీ అమ్మ అన్నం వండేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టండి, ఆ పూట ఆ పిడికెడు మీరు తక్కువ తినండి, అంతే అని చెప్పింది. ఆ పిల్లల్లో హిందువులున్నారు, ముస్లింలున్నారు, మావాళ్ళు ఇద్దరో ముగ్గురో. తొమ్మిదో తరగతి కడప పిల్ల ఒకతి ఉండేది, తండ్రి ఏసీ టెక్నీషియన్. ఆ అమ్మాయి ప్రతిదానికీ ఎందుకు అని అడిగేది, జవాబు నచ్చితే అందరికంటే ముందు తనే మొదలుపెట్టేది. అక్కకి లోలోపల ఆ పిల్లంటే ప్రాణం, పైకి మాత్రం రోజుకోసారి గోడకి నిలబెట్టేది.

కాన్వెంటు పద్ధతిలో ఒక నియమం ఉంది. ఎవరి బియ్యం వాళ్ళు విడిగా తేకూడదు, అన్నీ ఒకే డ్రమ్ములో పోయాలి. ఎవరు ఎక్కువ తెచ్చారో ఎవరు తక్కువ తెచ్చారో ఎవరికీ తెలియకూడదని. మా ఊళ్ళో అది గొప్ప నియమమే. ఊరంతా తినేది ఒకే బియ్యం కదా. రియాద్‌లో ఆ డ్రమ్ములోకి మా సోనామసూరి వచ్చింది, లక్నో అమ్మాయి బాస్మతి వచ్చింది, కేరళ పిల్లల ఎర్ర మట్ట బియ్యం వచ్చింది, తమిళ అమ్మాయి వాళ్ళమ్మని అడగకుండా ఇడ్లీ బియ్యం పట్టుకొచ్చింది, బెంగాలీ పిల్ల ఆవగింజంత చిట్టి బియ్యం తెచ్చింది. అక్క దాన్ని గరిటెతో కలిపి మరీ మురిసిపోయింది, చూడవే, భారతదేశమంతా ఒక్క డ్రమ్ములో ఉంది అని. ముప్ఫై ఏళ్ళు వంట చేసిన నేను కూడా ఆ క్షణాన నోరు తెరవలేదు. భక్తిలో ఉన్నప్పుడు వంట గుర్తుకు రాదు కాబోలు.

బావా మా ఆయనా రెండు కార్లలో బియ్యమూ పప్పూ వేసుకుని, మేము అబాయాలు తొడుక్కుని వెనక సీట్లలో పిల్లలతో ఇరుక్కుని, మిగతా పిల్లలు తండ్రుల కార్లలో వెనకే రాగా, సులై వెళ్ళాం. క్యాంపు ఆవరణలో టైర్లలో గాలిపోయిన కంపెనీ బస్సులు, వాటి నీడన గొంగళ్ళు పరుచుకుని కూర్చున్న మనుషులు. వంట చూసేది ఒక జగిత్యాల అన్న. నిజానికి ఆయన ప్లంబరు, మెస్సు మూసేశాక గరిటె పట్టుకున్నాడు. నలభై దాటి ఉంటాయి. బక్క మనిషి, నల్లటి ఒత్తు జుట్టు, మాట నెమ్మది. బియ్యం రెండు చేతులా అందుకుని దండం పెట్టాడు. మరుసటి శుక్రవారం వెళ్ళినప్పుడు అన్నం ఎలా కుదిరిందని అక్క అడిగింది. ఆయన గరిటె పక్కన పెట్టి చెప్పాడు.

“బియ్యం మంచిగనే ఉన్నయ్ మేడం. గని ఒకదాని మాట ఒకటి ఇంటలెవ్వు.”

అప్పుడు వెలిగింది మాకు. ఇడ్లీ బియ్యం ఉడికేసరికి చిట్టి బియ్యం గంజి అయిపోయింది, బాస్మతి విరిగిపోయింది, ఎర్ర బియ్యం మాత్రం రాళ్ళలా పంటికింద పడిందట. అక్క ముఖం ఎర్రబడింది. నేను పమిట నోటికి అడ్డం పెట్టుకుందామంటే అబాయాకి పమిట ఉండదు. బస్సు వెనక్కి వెళ్ళి చూస్తే మరో సంగతి. ఒక దుప్పటి పరిచి, చుట్టూ పదిమంది మగవాళ్ళు కూర్చుని, ఆ కలిసిపోయిన బియ్యాన్ని గింజ గింజా ఏరుతున్నారు. ఎర్రవి ఒక కుప్ప, పొడుగువి ఒక కుప్ప, చిట్టివి ఒక కుప్ప. పైపులు బిగించిన చేతులు, గోడలు కట్టిన చేతులు. మా కడప పిల్ల వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోబోతే తండ్రి భుజం పట్టి ఆపాడు. అక్క గబగబా క్షమాపణ చెప్పుకుంది. వచ్చే వారం నుంచి దేనికది వేరే సంచిలో తెస్తామంది, పిల్లలవైపు తిరిగి కొత్త నియమం కూడా అక్కడే చెప్పేసింది. జగిత్యాల అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దు మేడం. గిట్లనే కలిపి తేండ్రి. పనిలేక కూసునెటోళ్ళకు గింత పనైతంది. పొద్దు పోతంది.”

ఇంటి ముందు కారు దిగాక, సేవ చేద్దామని వెళ్ళి వాళ్ళకి కూలి పని ఇచ్చి వచ్చామే అంది అక్క. నవ్వొచ్చే మాటే గానీ ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు. ఆ తపస్సు కాలమంతా మేము బియ్యం కలిపే తీసుకెళ్ళాం.

కాన్వెంటు నేర్పిన పద్ధతిలో బియ్యం సగమే. మిగతా సగం ఏమిటంటే, ప్రతి పిల్లా ఒక మనిషిని పేరుతో పలకరించాలి, నీకేం కావాలని ఒక్క మాట అడగాలి, ఆ ఒక్కటీ తీర్చడానికి చేతనైనది చేయాలి, చేతకానిది ప్రార్థనలో పెట్టాలి. మా ఊళ్ళో అడిగితే పలక కావాలనో, దుప్పటి కావాలనో, జ్వరం మాత్రలు కావాలనో అనేవాళ్ళు. తీర్చేసి వచ్చి ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాళ్ళం. సులైలో పిల్లలు గేటు దగ్గర తండ్రుల పక్కన నిలబడి ఒక్కొక్కరినీ అడుగుతుంటే అందరిదీ ఒకటే జవాబు. ఎగ్జిట్. ఆ మాట విని పిల్లలు అక్క ముఖం చూసేవాళ్ళు. లెక్కల టీచరు కదా, జవాబు ఎక్కడో వెనక పేజీల్లో ఉంటుందని వాళ్ళ నమ్మకం. జగిత్యాల అన్నని అడగడం కడప పిల్ల వంతు వచ్చింది. ఆయన ఎగ్జిట్ అనలేదు.

“నాకేం వద్దు బిడ్డా. నా బిడ్డ నన్ను అబద్ధాలోడు అంటంది. గట్ల కాదని దానికి ఎవలన్న చెప్పుండ్రి.”

ఆయనకి ఊళ్ళో ఒక్కతే కూతురు, నాలుగో ఐదో చదువుతోంది. ఆయన వచ్చేటప్పుడు ఇంకా బడిలో వేయలేదు. ప్రతి పండక్కీ వస్తానని చెప్పడం, రాకపోవడం. బతుకమ్మకి అన్నాడు, దసరాకి అన్నాడు, పుట్టినరోజుకి అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ప్రతిసారీ ఎవరో ఒకరు ఈసారి అయిపోతుందని ఆయనకి చెప్పారు, ఆయన నమ్మాడు. కొన్ని నెలలుగా ఆ పిల్ల తండ్రి ఫోను చేస్తే తల్లికిచ్చి బయటికి వెళ్ళిపోతోందట. కడప పిల్ల అంతా విని, ఎందుకు అని అడగలేదు. ఆయన ఫోను తీసుకుని వీడియో కాల్ కలపమంది. తెరమీద ముందు తల్లి, తర్వాత తలుపు చాటునుంచి రెండు జడల పిల్ల. అది స్క్రీనులో సగమే కనపడేలా నిలబడింది. కాన్వెంటు యూనిఫాం వేసుకుని ఉంది, అది చూసి అక్క నా చెయ్యి నొక్కింది. కడప పిల్ల ఎంత ధీమాగా చెప్పిందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

“మీ నాయన అబద్ధం చెప్పల్యా పాపా. మేమంతా ఆ పని మీదే ఉండాము. ఎండాకాలం సెలవలకి వస్తాడు, నేను చెప్తాండా.”

తెరమీది పిల్ల, దేవుని మీద ఒట్టా అని అడిగింది. ఈ పిల్ల, ఒట్టు అంది. అక్క అడ్డుపడబోయి ఆగిపోయింది. తర్వాత నాతో అంది, ఆపి ఏం చెప్పమంటావే, రాడని చెప్పమంటావా అని. ఆ రోజునుంచి ఊళ్ళో పిల్ల తండ్రితో మాట్లాడటం మొదలుపెట్టింది. బడిలో ఏం చెప్పారో చెప్పేది, ఎక్కాలు అప్పజెప్పేది. ఎండాకాలం అనే మాట ఇప్పుడు మా నెత్తిన పడింది.

నిజంగానే ఆ పని మీదే ఉన్నాం. బావ రెండుసార్లు సెలవు పెట్టి ఆయన తరఫున లేబర్ ఆఫీసుకి తిరిగాడు. వాళ్ళొక తారీఖు ఇచ్చారు, ఆ తారీఖున వెళితే ఇంకో తారీఖు ఇచ్చారు. ఎంబసీవాళ్ళు మర్యాదగా కాగితాలు తీసుకున్నారు. మా ఆయన కఫీల్ ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని వెళితే అక్కడ పాకిస్తానీ చౌకీదారు ఒక్కడే ఉన్నాడు. మాలిక్ బాహర్ గయా భాయ్, మేరా భీ ఇకామా ఖతమ్ హై, యజమాని ఇక్కడ లేడు, నా ఇకామా కూడా అయిపోయింది అన్నాడట, చాయ్ కూడా ఇచ్చాడట. పిల్లలు వాళ్ళకి చేతనైనది చేశారు. లక్నో అమ్మాయి, కడప పిల్ల నమాజులో దువా చేసేవాళ్ళు, తమిళ అమ్మాయి వాళ్ళ బీరువాలో దీపం దగ్గర ఆయన పేరు చెప్పుకునేది, మేము జపమాలలో పది పూసల ప్రార్థనని ఆయనకి కేటాయించాం. ఇన్ని భాషల్లో ఇంతమంది ఒక్క ప్లంబరు కోసం మొరపెట్టుకుంటే ఎవరికో ఒకరికి వినపడదా అని నేను కూడా నమ్మాను. అక్క అయితే క్యాలెండరువైపు చూడటం మానేసింది.

ఈలోగా మా ఇళ్ళకే నిప్పంటుకుంది. పనివాళ్ళ మీదే కాదు, ఇంట్లో పెళ్ళాంబిడ్డల మీద కూడా తలకింతని లెవీ కట్టాలి, అది ఏడాదికేడాది పెరుగుతుంది అని తేలిపోయింది. ముగ్గురు పిల్లలున్నవాళ్ళు మొదట లెక్క వేసుకున్నారు, తర్వాత సామాన్లు అమ్ముకున్నారు. మార్చిలో పరీక్షలు అవడం ఆలస్యం, ఫ్రిజ్జులు, మంచాలు, కుక్కర్లు వాట్సాపు గ్రూపుల్లో వరసకట్టాయి. శుక్రవారం శుక్రవారానికీ అక్క హాల్లో పిల్లలు తగ్గిపోయారు. బెంగాలీ పిల్ల వెళ్ళిపోయింది, కేరళ పిల్లలు వెళ్ళిపోయారు. కడప పిల్ల తండ్రి కూడా భార్యాపిల్లల్ని పంపేసి తను బ్యాచిలర్ గదికి మారదామని నిర్ణయించుకున్నాడు. వాళ్ళకి ఫైనల్ ఎగ్జిట్ ఒక్కరోజులో వచ్చేసింది. ఉంటామన్నవాళ్ళకి ఎగ్జిట్ కొట్టి చేతిలో పెడుతున్నారు, పోతానన్నవాణ్ణి గేటు దాటనివ్వరు. ఇది ఏ దేవుడి లెక్కో అక్కని అడిగాను. నాకు రాదే అంది. లెక్క రాదని అక్క నోటివెంట నేను విన్నది ఆ ఒక్కసారే.

వెళ్ళేముందు కడప పిల్ల సులై రావాలంది. వచ్చింది గానీ కారు దిగలేదు. అద్దం సగం దించి కూర్చుంది. ఆ పాపకి నేను ఒట్టేసినా గదా మేడం, ఇప్పుడేం చెప్పాల అని అక్కని అడిగింది. ఎప్పుడూ గోడకి నిలబెట్టే అక్క, కారు తలుపు పట్టుకుని తనే నిలబడిపోయింది. జగిత్యాల అన్నకి విషయం ఎవరు చెప్పారో, చేతులు తుడుచుకుంటూ కారు దగ్గరకొచ్చాడు.

“రంది పెట్టుకోకు బిడ్డా, పో. నువ్వు చెప్పినందుకే గదా అది నాలుగు దినాలు నాతోని మాట్లాడింది.”

ఆ పిల్ల ఏడ్చింది. అద్దం ఎక్కించుకుని ఏడ్చింది. ఎండాకాలం సెలవలు వచ్చాయి, అయిపోయాయి. ఊళ్ళో కూతురు మళ్ళీ ఫోను తల్లికిచ్చి బయటికి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. అక్క వాళ్ళూ మేమూ కూడా ఆ వర్షాకాలంలోనే వచ్చేశాం. చివరిసారి వెళ్ళినప్పుడు ఆయన మమ్మల్ని అడిగింది ఒకటే. మీలో ఎవరైనా మా ఇంటికోసారి పోయి రండమ్మా, నన్ను కళ్ళతో చూసినవాళ్ళు వెళితే నేను ఉన్నానని దానికి నమ్మకం కుదురుతుంది అన్నాడు.

వెళ్ళాం. బావ కారు తీయగా అక్కా నేనూ మా గుంటూరు నుంచి జగిత్యాల అవతల ఉన్న ఆ ఊరు వెళ్ళాం. ఆయన భార్య ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూసి లేవబోతే ఆకులు కింద పడ్డాయి. క్షేమసమాచారాలు అయ్యాక బడినుంచి పిల్ల వచ్చింది. రెండు జడలు, కాన్వెంటు యూనిఫాం, ఫోనులో కనపడిన దానికంటే బాగా పొడుగు. మేమెవరమో తల్లి చెబితే సంచీ కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడింది.

“మీరు గూడ సెలవులకొస్తడనే చెప్తరా?”

నేనైతే చెప్పేసేదాన్నే. వస్తాడమ్మా అనే మాట నా నాలుకమీదకి వచ్చేసింది. అక్క నాకంటే ముందు మాట్లాడింది. “లేదమ్మా. ఎప్పుడొస్తాడో మాకు తెలీదు. మీ నాన్నకీ తెలీదు. రావాలని ఉంది, రానివ్వటం లేదు. అంతే.” తల్లి భయంగా కూతురువంక చూసింది. పిల్ల ఏడవలేదు. సంచీ దించి, లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి మా ముందు పెట్టి, అప్పుడు వచ్చి అక్క పక్కన కూర్చుంది.

“మరి బాపు అన్నం తింటుండా?”

తింటున్నాడమ్మా, తనే వండుకుంటున్నాడు, నలుగురికీ పెడుతున్నాడు అని అక్క చెప్పింది. ఆ సాయంత్రం తండ్రి ఫోను చేస్తే ఆ పిల్లే ఎత్తింది. ఎప్పుడొస్తావని అడగలేదు. ఏం కూర అని అడిగింది.

ఆ తర్వాత కరోనా వచ్చింది, పోయింది. ఎవరో ఆఫీసరు కనికరించో, కఫీల్ బాకీ ఎవరో తీర్చో, క్యాంపువాళ్ళని ఒక్కొక్కరినీ పంపించారు. జగిత్యాల అన్న ఆఖరి జట్టులో వచ్చాడు. కూతురు అప్పటికి పట్నంలో కాన్వెంటు హాస్టల్లో ఉండి పైతరగతి చదువుతోంది. ఇంట్లో సామాను పెట్టి నేరుగా అక్కడికి వెళ్ళాడట. ఆ హాస్టళ్ళలో పద్ధతి మాకు తెలిసిందే. తల్లిదండ్రుల ఫోటో అతికించిన కార్డు ఉంటుంది, ఫోటోలో మనిషైతేనే లోపలికి. భార్య ఎప్పుడో అతికించిన ఫోటోలో నల్లటి ఒత్తు జుట్టు మనిషి, గేటు దగ్గర నిలబడింది తల ముగ్గుబుట్టయిన మనిషి. వాచ్‌మన్ కార్డు చూసి, మొహం చూసి, ఈయన ఆయన కాదన్నాడు. ఆయన వాదించలేదట, అలవాటైన మనిషి కదా, గేటు పక్కన నీడ చూసుకుని కూర్చున్నాడట. విషయం తెలిసి సిస్టరు ఆ పిల్లని పిలిపించి, ఈయన నీకు తెలుసా అని అడిగింది.

“మా బాపే సిస్టర్,” అందట ఆ పిల్ల. “మస్తు దూరంకెళ్ళి వచ్చిండు.”

ఈ సంగతి ఆ అమ్మాయే అక్కకి ఫోనులో చెప్పింది, నవ్వుతూనే చెప్పింది. అక్క ఫోను పెట్టేసి వెంటనే నాకు చెప్పింది. ఆ ఫోటో దిగిన రోజున ఆయన రెండేళ్ళలో తిరిగొస్తానని చెప్పి బయల్దేరాడట. గడువు పెట్టుకునేది మనమే గానీ, అది ఎన్నేళ్ళో మన జుట్టుమీద రాసి చూపించేది మాత్రం కాలమే.